రెండుసార్లు కనిపించిన భీమిలి

బాలనర్సింహ మంచం మీద బోర్లా పడి ఉన్నాడు.

తల వెనక దెబ్బ. దిండంతా నెత్తురు. మంచం కింద తమలపాకుల ఇత్తడి పెట్టె, పాన్‌దాన్, దొర్లి ఉంది. దాని అంచుకు తెల్ల వెంట్రుకలు అంటుకున్నాయి. మూలనున్న చెక్క సందుగ నోరు తెరుచుకుని ఉంది.

సి.ఐ.డి. ఇన్‌స్పెక్టర్ ఇస్సాకు పాన్‌దాన్‌ను రుమాలుతో పట్టి ఎత్తి చూశాడు. బరువైనదే. ఆడమనిషి చేతికి లొంగనంత బరువు మాత్రం కాదు.

"సందుగల ఏముండె?" అని అడిగాడు.

"గాజు డబ్బి సార్," అన్నాడు జమేదార్ బీరయ్య. "గాజు గాదు, స్ఫటికమంట. ఎన్నడో బుద్ధుని కాలంది. సముద్రం దిక్కు ఏదో పాత దిబ్బల దొరికిందంట. పాత సామాన్లంటే ఈయనకు ప్రాణం. అదొక్కటే పోయింది."

అది 1942 మే నెల. శాలిబండ గల్లీలో ఎండ అప్పుడే కాలుతోంది. ఇంటి ప్రహరీ ఫాటక్‌కు లోపలి నుంచి తాళం. ఫాటక్ అవతల గల్లీ జనమంతా మూగి ఉన్నారు. రాత్రి నుంచి ఎవరినీ బయటికి పోనివ్వలేదు. తెల్లవారాక ఒక్కొక్కరినే సోదా చేసి పంపారు. లోపల మిగిలింది ఇంటివాళ్లు, మరో ఇద్దరు.

జరిగింది ఇదీ.

నిన్న సాయంత్రం నగరమంతా ఏఆర్పీ ప్రాక్టీస్, విమానాలు బాంబులేస్తే ఏం చేయాలో అభ్యాసం. సైరన్ మోగిన దగ్గర్నుంచి మళ్లీ మోగేదాకా వీధిలో మనిషి కనిపించకూడదు. కిటికీల్లో దీపం కనిపించకూడదు. ఆ చీకటిని వృథా చేయడమెందుకని బాలనర్సింహ తన ఇంటి పెద్ద హాల్లో దీపపు బొమ్మల ఆట పెట్టించాడు. ఆయనకు లాడ్ బజార్లో గాజుల దుకాణం ఉంది. నలుగురికీ ఏదైనా చూపించి సంతోషపెట్టడం ఆయనకు ఇష్టం.

బొమ్మలవాడి పేరు వైకుంఠం. నెల కిందట కాకినాడలో జపాను బాంబులు పడ్డప్పుడు గ్యాస్ లాంతరు, గాజు పలకల పెట్టెలు నెత్తిన పెట్టుకుని పారిపోయి వచ్చాడు. కోస్తా జిల్లాల్లో చూడదగిన ఊళ్లన్నీ ఆ పలకల మీద ఉన్నాయి. అమరావతి, కొండపల్లి కోట, బందరు, కాకినాడ రేవు, సామర్లకోట గుడి, భీమిలి, శాలిహుండం కొండ, కళింగపట్నం దీపస్తంభం.

గల్లీ ఆడవాళ్లు, పిల్లలు హాలు నిండా కూర్చున్నారు. వీధి తలుపు లోపల గడియ పెట్టారు. తెర పక్కన మిషన్ స్కూల్ మాస్టర్ ప్రకాశం నిలబడి ఊళ్ల గురించి చెప్పాడు. జనం వెనక, కంబళ్లు కట్టిన మరుగులో వైకుంఠం లాంతరు నడిపాడు. మాస్టర్ కర్రతో నేల మీద తడితే బొమ్మ మారుతుంది.

బాలనర్సింహకు జ్వరం. లోపలి గదిలో పడుకున్నాడు. ఆట అయ్యాక పాలు తీసుకుపోయిన పనిమనిషి కాశమ్మ గుమ్మంలోనే కేక పెట్టింది.

ఫాటక్‌కు తాళం. తాళంచెవి బాలనర్సింహ భార్య ఆండాలు నడుముకు ఉంది. గల్లీ మొదట్లో ఏఆర్పీ వార్డెన్లు. బయటివాడు లోపలికి రాలేదు. లోపలివాళ్లు హాల్లో ఉన్నారు.

ఒక్కరు తప్ప.

బాలనర్సింహ చనిపోయిన తమ్ముడి భార్య, విమలాదేవి.

*

"ఆమెనే సంపింది," అంది ఆండాలు. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. "ఇంకెవరున్నరు ఈ ఇంట్ల?"

"కారణం?" అన్నాడు ఇస్సాకు.

"నిన్న పొద్దుగాల మస్తు లొల్లి చేసింది. నన్ను మా భీమిలి పంపుండ్రి, పంపుండ్రి అని. ఆడ బాంబులు పడుతున్నయి, యాడికి పోతవ్ అన్నడు మా ఆయన. మీరు నన్ను చెరసాలల పెట్టిండ్రు అన్నది. ఆ మాట అనొచ్చునా అమీన్ సాబ్? మొగడు పోయినంక మూడేండ్లు అన్నం పెట్టిన మనిషిని!"

"డబ్బా యాడ వెట్టింది మరి? ఇల్లంతా ఎతికినం."

"గదంతా నాకేమెర్క? ఆ సముద్రం దిక్కు ఆడోళ్ల తీరే వేరు. పైట గూడ అందరి లెక్క ఏసుకోరు. కుడి బుజం మీద ఏసుకుంటరు, మార్వాడోళ్ల లెక్క. నిన్న కాకినాడ బొమ్మల్ల నా కండ్లతోని సూసిన."

ఇస్సాకు ఆ మాట పట్టించుకోలేదు. దుఃఖంలో ఉన్న మనిషి నోట ఏదైనా వస్తుంది.

విమలాదేవిని పెట్టిన గది చిన్నది. బయట గొళ్లెం. ఉన్న ఒక్క కిటికీకి ఏఆర్పీవాళ్లు చెప్పినట్టు నల్ల కాగితం అంటించి ఉంది. ఆ ఉక్కలో ఆమె గోడకానుకుని కూర్చుంది. ఇరవై అయిదు దాటని వయసు. తెల్ల చీర. పదహారో ఏట పెళ్లయి ఈ ఇంటికి వచ్చింది. తండ్రి భీమిలి నుంచి శంఖు గాజులు తెచ్చి లాడ్ బజార్లో అమ్మేవాడు. అలా కలిసిన సంబంధం.

"ఆట నడుస్తున్నప్పుడు యాడున్నవమ్మా?"

"నా గదిలో ఉన్నానండీ."

"ఎవరన్న సూసిండ్రా?"

"లేదండీ."

"మీ ఊరి బొమ్మలు జూపిస్తుంటే గదిల కూసున్నవా?"

ఆమె నేలవైపు చూసింది.

"కాశమ్మ కేకేసినప్పుడు నువ్వు లోపలి వాకిట్ల ఉన్నవ్. గదిల లేవు."

"అప్పుడే బయటికి వచ్చాను."

"నువ్వు సంపినవా?"

"లేదండీ."

"మరెవరు?"

ఆమె తలెత్తి చూసింది. ఆ చూపులో భయం ఉంది. కానీ ఇస్సాకు రోజూ చూసే దోషి భయం కాదది. నీళ్లలో మునుగుతూ కూడా కేక వేయలేని మనిషి చూపులా ఉంది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది.

అప్పుడు చూశాడు ఇస్సాకు. పైట ఎడమ భుజం మీదే ఉంది.

*

బయటికి రాగానే బీరయ్య ఎదురొచ్చాడు.

"సార్, ఠాణా కెల్లి కబురొచ్చింది. మధ్యాహ్నం లోపల ఆమెను లాకప్‌కు తేవాలంట. పెద్ద సాబ్ గుస్సా అయితున్నడు."

ఇస్సాకు రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. పట్టుకుపోవడం సులువు. సాక్ష్యమంతా ఆమె చుట్టూ గోడలా నిలబడి ఉంది. ఎక్కడా సందు లేదు. ఆ గోడ మరీ నున్నగా ఉండటమే అతనికి నచ్చలేదు. ఈ ఉద్యోగంలో ఒకసారి లాకప్ తలుపు పడ్డాక ఆడదాని బతుకు ఏమవుతుందో అతనికి తెలుసు. తర్వాత విడిచిపెట్టినా ఏ ఇంటివాళ్లూ లోపలికి రానివ్వరు.

హాల్లోకి వెళ్లాడు. వైకుంఠం పలకలు సర్దుకుంటున్నాడు. నలభై ఏళ్ల మనిషి. సన్నని మీసం, శుభ్రమైన చొక్కా.

"నిన్న మధ్యల లేచినవా?"

"ఎలా లేస్తానండీ? బొమ్మలు వాటంతటవే మారవు కదా. హాలంతా సాక్ష్యం. అడగండి."

నిజమే. కంబళ్ల వెనక లోపలి వాకిట్లోకి ఒక తలుపు ఉంది. అయినా అతను కదిలితే ఆట ఆగిపోయేది. ఆట ఆగలేదని అందరూ చెప్పారు.

"లాంతరు గూడ ఎతికినవా బీరయ్యా?"

"పెట్టెలన్ని ఇప్పి సూసినం సార్. లాంతర్ల దీపం తప్ప ఏం లేదు. గ్యాస్ డబ్బాలకు మాత్రం చెయ్యి పెట్టొద్దన్నడు. మూత తీస్తే పేలుతదంట."

"కార్బైడ్ అండీ," అన్నాడు వైకుంఠం నవ్వుతూ. "ప్రాణాల మీదికి వస్తుంది."

ఇస్సాకు ఒక పలక తీసి గోడ కిటికీ దగ్గరికి వెళ్లాడు. నల్ల కాగితం చింపి వెలుతురుకు ఎత్తి పట్టాడు. కాకినాడ రేవు. ఒడ్డున చేపల తట్టలతో ఆడవాళ్లు. పైటలన్నీ ఎడమ భుజం మీదే ఉన్నాయి.

అతను పలకను వెనక్కి తిప్పి పట్టాడు.

పైటలన్నీ కుడి భుజం మీదికి వచ్చాయి.

"ఈ మూలకు తెల్ల కాగితం చుక్క ఎందుకంటించిండ్రు?" అని తాపీగా అడిగాడు.

"బొటనవేలు అక్కడ పెట్టి పట్టుకోవాలండీ. అప్పుడే బొమ్మ సరిగ్గా పడుతుంది. లేకపోతే అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది."

"నీకెప్పుడన్న తిరగబడ్డదా?"

వైకుంఠం ముఖంలో గర్వం కనిపించింది. "పదిహేనేళ్లుగా ఇదే పనండీ. కళ్లకు గంతలు కట్టినా నా చేతిలో ఒక్క పలక తప్పు పడదు."

"శభాష్," అన్నాడు ఇస్సాకు.

వరండాలో ప్రకాశం మాస్టర్ కుర్చీలో కునుకుతున్నాడు. ఇస్సాకు అతన్ని లేపాడు.

"మాస్టర్ సాబ్, నిన్న ఆట యాడన్న ఆగిందా?"

"ఆగలేదు. కాకినాడ రేవు రాగానే మొన్న బాంబు పడ్డది ఇక్కడే అని చెప్పిన. ఆడవాళ్లు కండ్లు తుడుచుకున్నరు. తర్వాత సామర్లకోట. తర్వాత భీమిలి." మాస్టర్ నుదురు రుద్దుకున్నాడు. "ఆ, భీమిలి దగ్గర ఒక చిత్రం జరిగింది. బొమ్మ వచ్చింది. నేను కర్ర తట్టనేలేదు, మాయమైపోయింది. మళ్లీ అదే బొమ్మ వచ్చింది. రెండుసార్లు."

"రెండూ ఒక్క తీరుగనే ఉండెనా?"

"నాకు ఒక్క తీరుగనే కనిపించినై. నేనెప్పుడు సముద్రం చూడలే ఇన్‌స్పెక్టర్ సాబ్. బొమ్మలాయన చెప్పింది నేను చెప్పిన, అంతే."

వాకిట్లో కాశమ్మ గిన్నెలు తోముతోంది. ఇస్సాకు ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"నువ్వు గూడ సూసినవా బొమ్మలు?"

"తలుపు కాడ కూసోని సూసిన బాంచెన్."

"ఏమన్న కొత్తగ అనిపించిందా?"

"అన్ని కొత్తనే గద." ఆమె ఆలోచించింది. "సామర్లకోట గుడిల అయ్యగారు తద్దినం పెడుతుండె. గుడి ముంగట తద్దినమేంది అనుకున్న."

"తద్దినమని ఎట్ల తెల్సింది?"

"జంధ్యం కుడి బుజం మీదుండె గద! తద్దినానికే గద అట్ల మారుస్తరు."

ఇస్సాకు లేచి నిలబడ్డాడు. కాకినాడ తిరగబడింది. సామర్లకోట తిరగబడింది. భీమిలి కూడా తిరగబడింది. కానీ దాన్ని ఎవరో వెంటనే తీసి సరిచేశారు. కాకినాడ తప్పు పట్టని మనిషి భీమిలి తప్పు ఎలా పట్టింది? ఆ ఊరు తెలిసిన మనిషైతేనే.

నేరుగా గొళ్లెం పెట్టిన గదికి వెళ్లాడు.

*

తలుపు బార్లా తెరిచి బీరయ్యను దూరంగా నిలబెట్టాడు. గుమ్మం అవతలే నిలబడి గొంతు తగ్గించి అడిగాడు.

"అమ్మా, నిన్న భీమిలి బొమ్మ మొదటిసారి పడ్డప్పుడు అండ్ల తప్పేముండె?"

విమలాదేవి ఉలిక్కిపడింది.

"నది," అంది.

"ఏం నది?"

"గోస్తనీ. కొండమీంచి సముద్రం వైపు చూస్తే ఎడమ పక్కన కలవాలి. తెర మీద కుడి పక్కకి వచ్చింది. మా ఇల్లు కూడా అటు పోయింది." ఆమె చేత్తో అటు చూపించింది. "తొమ్మిదేళ్లయింది ఆ ఊరు చూసి. అదీ తప్పుగా చూడాలా అనిపించిందండీ. తీసి తిప్పి పెట్టాను."

ఆ తర్వాత మాటలు ఆగలేదు. మధ్యాహ్నం వైకుంఠం పలకలు తుడుస్తుంటే ఆమె భీమిలి బొమ్మ చూసి ఆగిపోయింది. మీదీ ఆ వైపేనా అని అడిగాడు. ఆడవాళ్లలో కూర్చుంటే ఆండాలక్క లేపేస్తుందని ఆమె అంటే, వెనక తలుపు లోంచి రండి, మీ ఊరిని మీ చేత్తోనే పెడుదురు గాని అన్నాడు. వెళ్లింది. కాసేపటికి కడుపులో నొప్పి, వాకిట్లోకి వెళ్లొస్తాను, కర్ర చప్పుడైనప్పుడల్లా పలక మార్చండి అని చెప్పి వెళ్లాడు. శాలిహుండం బొమ్మ నడుస్తుండగా తిరిగొచ్చాడు. చేతులు తడిగా ఉన్నాయి. రొప్పుతున్నాడు.

"కాశమ్మ అరవగానే నాకర్థమైంది. ఆయన నా పక్కనుంచి పోతూ ఒక్క మాటన్నాడు. చెప్పుకోండి, చీకట్లో పరాయి మగాడి దగ్గర కూర్చున్నానని చెప్పుకోండి అని." ఆమె మోకాళ్ల మీద తల పెట్టుకుంది. "చెప్తే పరువు పోతుంది. చెప్పకపోతే ప్రాణం పోతుంది. రాత్రంతా ఆ రెండే లెక్కపెట్టుకుంటూ కూర్చున్నానండీ. ప్రాణమే తేలికనిపించింది."

బీరయ్య దూరంగానే ఉన్నాడో లేదో ఇస్సాకు ఒకసారి వెనక్కి చూశాడు.

"నీ పేరు నా నోట రాదు," అన్నాడు. "గాని హాల్లకు రావాలె. వచ్చి కూసో, సాలు."

*

హాలు కిటికీలకు మళ్లీ నల్ల కాగితం. తలుపులు మూశారు. ఆండాలు, కాశమ్మ ముందు కూర్చున్నారు. విమలాదేవి గోడ వారగా, బీరయ్య పక్కన. ప్రకాశం తెర దగ్గర. కంబళ్లు తీసేయడంతో లాంతరు అందరికీ కనిపిస్తోంది. దాని పక్కన వైకుంఠం.

"కాకినాడ," అన్నాడు ఇస్సాకు.

తెర మీద రేవు పడింది. చేపల తట్టల ఆడవాళ్లు.

"ఆండాలమ్మా, పైట ఏ బుజం మీదుంది?"

ఆండాలు ముందుకు వంగింది. "ఎడమ... నిన్న గిట్ల లేదు. కుడికుండె. ఒట్టు, నేను సూసిన!"

"సామర్లకోట."

"అయ్యో, జంధ్యం సక్కగనే ఉన్నదేంది?" అంది కాశమ్మ.

"నిన్న ఈ బొమ్మలు తిరగబడి పడ్డయి," అన్నాడు ఇస్సాకు. "వైకుంఠం, కండ్లకు గంతలు కట్టినా నీ చేతిల తప్పు పడదంటివి. పదిహేనేండ్లల పడనిది నిన్ననే పడ్డదా?"

"చీకట్లో... ఒకటి రెండు పొరపాట్లు జరగొచ్చండీ."

"పొద్దుగాల జరగవంటివి. తెల్ల చుక్క సంగతి నీకు తెలుసు. తెల్వని చెయ్యి వేరే ఉండె. బందరు తర్వాత నువ్వు లేచినవ్. వెనక తలుపుల కెల్లి వాకిట్లకు, వాకిట్ల కెల్లి బాలనర్సింహ గదికి పోయినవ్. స్ఫటికం డబ్బి కోసమే ఈ ఇంట్ల ఆటకు ఒప్పుకున్నవ్. ఆయన జ్వరంల మేలుకున్నడు. నువ్వు పాన్‌దాన్ అందుకున్నవ్. ఇవుతల బొమ్మలు నడుస్తనే ఉన్నయి. ఇల్లంతా నీకు సాక్ష్యమయింది."

వైకుంఠం ముఖం పాలిపోయింది. కానీ వెంటనే తేరుకున్నాడు. మెల్లగా గోడవైపు చూశాడు. మీసం కింద చిన్న నవ్వు.

"బాగుందండీ కథ. నా బదులు లాంతరు నడిపిందెవరు? పేరు చెప్పండి. ఆ మనిషిని పిలవండి."

గ్యాస్ దీపం సన్నగా కూస్తోంది. ఇస్సాకు గోడవైపు చూడలేదు. మాట ఇచ్చాడు.

"చెప్పలేరు కదా?" అన్నాడు వైకుంఠం. "లేని మనిషిని ఎక్కడ్నుంచి తెస్తారు?"

"నేను."

విమలాదేవి లేచి నిలబడింది.

"నేనే నడిపాను. ఆయన వెళ్లొస్తానంటే పలకలు నేనే మార్చాను. బొమ్మలు తిరగేసిందీ నేనే, మా ఊరి బొమ్మ సరిచేసిందీ నేనే."

"నువ్వా?" ఆండాలు రెండు చేతులూ నోటి మీద పెట్టుకుంది. "చీకట్ల, గా పరాయోనితోనా? ఓ దేవుడా!"

"అవునక్కా. మా ఊరు చూడాలని వెళ్లాను. తిట్టుకోండి. కానీ బావగారిని చంపింది నేను కాదు." ఆమె వైకుంఠం వైపు వేలు చాపింది. "తిరిగొచ్చాక ఈయన గ్యాస్ డబ్బా పైన నీళ్లు పోసే మూత తీశాడు. దీపం ఒక్కసారి కొట్టుకుంది. ఎందుకని అడిగితే నీళ్లు పోశానన్నాడు. చేతిలో చెంబు లేదు."

వైకుంఠం తలుపు వైపు దూకాడు. బీరయ్య కాలు అడ్డం పెట్టాడు. మనిషి గాజు పలకల పెట్టె మీద పడ్డాడు. ఊళ్లన్నీ ఒక్కసారి పగిలిన చప్పుడు.

ఇస్సాకు దీపం ఆర్పించాడు. కిటికీ కాగితాలు చింపించాడు. ఎండ లోపలికి విరగబడింది. గ్యాస్ డబ్బాకు పైన నీళ్ల గది, కింద కార్బైడ్ గది. పై మూత తీసి చెయ్యి పెట్టాడు. పేలలేదు. చేతితో పాటు పిడికెడంత స్ఫటికపు డబ్బీ పైకి వచ్చింది.

"సికింద్రాబాద్‌లో ఒక దొర ఆ డబ్బీ కొంటానన్నాడు," అన్నాడు వైకుంఠం, బీరయ్య చేతుల్లో వేలాడుతూ. "బాలనర్సింహ గారు లేవకపోతే నేను కొట్టేవాణ్ని కాదు."

ఇస్సాకు డబ్బీని రుమాలులో చుట్టాడు.

*

వైకుంఠాన్ని తీసుకుపోయారు. శవాన్ని పోస్ట్‌మార్టంకు పంపారు. ఆండాలు నేల మీదే కూర్చుండిపోయింది. ఎదురుగా విమలాదేవి నిలబడి ఉంది, ఎటు పోవాలో తెలియనట్టు.

"ఈ ఇంట్ల ఎట్లుంటవిగ?" అంది ఆండాలు. కోపం లేదు గొంతులో. అలసట ఉంది. "గల్లీ అంత అంటరు. నేను గూడ అంట. నోరూకోదు నాకు."

"ఉండనక్కా. మా ఊరెళ్తాను."

"అందరు ఆడికెల్లి ఇటు ఉరుకొస్తున్నరు," అన్నాడు ఇస్సాకు. "రైళ్లల్ల నిలబడ జాగ లేదు. బాంబులు మల్ల పడ్తయంటున్నరు."

"ఇటొచ్చే రైళ్లలో కదండీ. అటెళ్లేవాటిలో చోటుంటుంది."

ఆమె లోపలికి వెళ్లి చీరల మూట కట్టుకుని వచ్చింది. చిన్న మూట. ఆండాలు దాన్ని చూసింది. తర్వాత ఆమె ముఖం చూసింది, ఎన్నడూ చూడనట్టు.

"ఆడ ఎవరున్నరే నీకు?"

"అమ్మ ఉంది."

తొమ్మిదేళ్లలో ఆ ప్రశ్న ఆండాలు అడగడం అదే మొదటిసారి. అడిగాక ఆమెకూ అది తెలిసినట్టుంది. చేత్తో నేల ఊతం పట్టి లేచింది. నడుముకున్న తాళంచెవి తీసింది. వాకిలి దాటి ఫాటక్ దగ్గరికి తానే నడిచింది. బయట జనం గోల. తాళం బిగుసుకుపోయి ఉంది. రెండు చేతులతో తిప్పితే గాని రాలేదు.

"జమేదార్‌ను తోడు పంపుండ్రి అమీన్ సాబ్," అంది వెనక్కి తిరగకుండా. "టేషన్ దాంక. ఎవరన్న ఒక్క మాటంటే నా పేరు జెప్పుండ్రి."

ఫాటక్ తెరుచుకుంది. గోల ఆగిపోయింది. విమలాదేవి మూట చంకన పెట్టుకుని, కొంగు తలమీదికి లాక్కోకుండానే, జనం మధ్యలోంచి నడిచింది. వాళ్లు పక్కకు జరిగి దారి ఇచ్చారు.